తుపాకీ పేలిన తర్వాత

తమ్ముడూ,

నీ కథ చదివాను. మంచు, కొండ, బంకరు బాగా కుదిరాయి. కానీ నీ సిపాయి కార్గిల్లో శత్రువుని కాల్చి, పేరా మారేసరికి జెండా ఎగరేశాడు. పడిపోయినవాణ్ణి నువ్వు చూడలేదు. నీ సిపాయి చూసే ఉంటాడు.

మనిషిని చంపడం మనిషికి తేలిక కాదు. వందమంది సిపాయిల్లో పాతికమందికి మించి శత్రువు మీద తుపాకీ పేల్చలేదని, రెండో ప్రపంచ యుద్ధం గురించి అమెరికన్ సైనిక చరిత్రకారుడు మార్షల్ 1947లో రాశాడు. ఆ లెక్కకి సరైన ఆధారాల్లేవని తర్వాతివాళ్లు తప్పుబట్టారు, కాబట్టి దాన్ని నీ పాత్ర నోట పలికించకు. అయినా శిక్షణ మారిన మాట నిజం. గుండ్రటి టార్గెట్లు పోయి, చటుక్కున లేచి, తూటా తగలగానే పడిపోయే మనిషి బొమ్మలొచ్చాయి. ఆలోచన కంటే ముందు వేలు కదలాలని. ఆ ఆలోచన ఆలస్యంగా వస్తుంది. పెన్షన్ తీసుకునే వయసులో, మనవడు బొమ్మ తుపాకీ గురిపెట్టినప్పుడు కూడా రావచ్చు.

ఫిరంగి పేల్చేవాడికి మ్యాపు మీద అంకెలుంటాయి, తుపాకీ చివర కత్తి, అదే బాయ్‌నెట్ పట్టినవాడికి ఎదుటివాడి మొహం ఉంటుంది. మరి డ్రోన్ నడిపేవాడు? వేల మైళ్ల అవతల కూర్చుని, ఒక్కోసారి రోజుల తరబడి ఒకే మనిషి రాకపోకలు చూసి, ఆ తర్వాత బటన్ నొక్కుతాడు. వాళ్లలోనూ నిద్ర పట్టనివాళ్లున్నారు. నీ సిపాయి ఎంత దగ్గర నుంచి కాల్చాడో, ఏం చూశాడో ముందు తేల్చుకో.

ప్రాణభయం మిగిల్చే పీడకలలు ఒక రకం. తను చేసిన పని తనకే మింగుడుపడకపోవడం ఇంకో రకం. ధర్మరాజుది రెండోది. గెలిచి కూడా రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. తిక్కన తెనిగించిన శాంతిపర్వం ఓసారి తీసి చూడు, పరీక్షకి చదివినట్టు కాకుండా.

అలాగని నీ సిపాయికి రాత్రికో కేక, చేతిలో విస్కీ గ్లాసు పెట్టకు. సినిమాలవాళ్లు ఆ పని ఎప్పుడో చేసేశారు. చాలామంది మామూలుగానే బతుకుతారు, బ్యాంకుల దగ్గర సెక్యూరిటీ చేస్తారు, కూతుళ్ల పెళ్లిళ్లు చేస్తారు. చేసినదానికి గర్వం, బాధ రెండూ ఒకే మనిషిలో, ఒకే పూట ఉండొచ్చు. నాకు అలాంటి మనిషి కావాలి.

హైదరాబాద్‌లో ఉన్నావు. సైనిక్‌పురి, తిరుమలగిరి వైపు వెళ్తే మాజీ సైనికులకి కొదవలేదు. ఎంతమందిని చంపారని మాత్రం అడగకు. పెళ్లిళ్లలో కనబడిన ప్రతి బంధువూ వాళ్లని అదే అడుగుతాడు. చలి గురించి, బూట్ల గురించి, ఇంటినుంచి వచ్చిన ఉత్తరాల గురించి, పక్కన పడుకున్నవాడి గురించి అడుగు. చెప్పాలనిపిస్తే మిగతాది వాళ్లే ఎత్తుతారు. లేదంటే టీ తాగి లేచి వచ్చెయ్. చెప్పింది వాడుకునే ముందు వాళ్లని అడుగు, ఊరూ రెజిమెంటూ మార్చు.

ఈసారి ఆ సిపాయి సెలవు మీద సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన చోట మొదలుపెట్టి చూడు. అతని భార్య ఏం అడిగిందో, అతనేం చెప్పలేదో రాయి. దసరాలోపు పంపితే నాకు తెలిసిన ఎడిటర్‌కి నేనే ఇస్తాను.

మీ అన్నయ్య