సైకిల్ ఎందుకు గెంతుతోంది?

ప్రశ్న: సార్, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) క్యామ్‌కార్డర్‌తో తీసిన పాత డీవీ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీగా మార్చాను. మనుషులు కూర్చుని మాట్లాడుతుంటే బాగానే ఉంది. మా పాప సైకిల్ తొక్కుతుంటే మాత్రం ఆగి ఆగి గెంతినట్టు కనిపిస్తోంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే పోతుందా?

జవాబు: పోదమ్మా, డబ్బులు దాచుకోండి. ఆ కుదుపు ఫైల్లోనే ఉంది. నమ్మకం కుదరకపోతే సైకిల్ దృశ్యం దగ్గర వీఎల్‌సీ ప్లేయర్‌లో పాజ్ చేసి, కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేమే, అంటే ఒక్కో బొమ్మే, జరపండి. ముందు చక్రాన్ని, దాని వెనకున్న గోడను చూస్తూ ఉండండి. నాలుగుసార్లు చక్రం సమానంగా జరుగుతుంది. ఐదోసారి రెట్టింపు దూరం దూకుతుంది. మళ్ళీ నాలుగు, మళ్ళీ దూకుడు.

ఎన్‌టీఎస్‌సీలో సెకనుకు 29.97 ఫ్రేములు, పాల్‌లో 25. లెక్క సరిపెట్టడానికి మీ సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి ఆరో ఫ్రేమునూ తీసి పారేసింది. సెకనుకు ఐదు గెంతులంటే కంటికి తెలియకుండా ఎలా ఉంటుంది? కూర్చున్న మనిషిలో కదలికే తక్కువ కాబట్టి అక్కడ బయటపడలేదు.

అసలు నష్టం ఇంకా లోతున ఉంది. మామూలు క్యామ్‌కార్డర్ ఫ్రేము ఒక్క క్షణంలో తీసిన బొమ్మ కాదు. బొమ్మలోని అడ్డగీతల్లో బేసి గీతలు ఒక ఫీల్డు, సరి గీతలు ఇంకో ఫీల్డు. రెంటికీ మధ్య సెకనులో దాదాపు అరవయ్యో వంతు తేడా. ఆ లోపే సైకిల్ కాస్త ముందుకు వెళ్ళిపోతుంది. అందుకే ఫ్రేము ఆపి చూస్తే అంచులు దువ్వెన పళ్ళలా చీలి ఉంటాయి. అంటే మీ క్యాసెట్‌లో సెకనుకు 59.94 వేర్వేరు క్షణాలున్నాయి. దాన్ని 29.97 బొమ్మలుగా లెక్కపెట్టిన ఏ పద్ధతైనా సగం కదలికను చంపేస్తుంది. పైగా ఎన్‌టీఎస్‌సీ బొమ్మలోని 480 గీతలను ఫీల్డులు విడదీయకుండా పాల్‌కు కావలసిన 576కి సాగదీస్తే రెండు క్షణాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తర్వాత ఎవరూ విడదీయలేరు.

కాబట్టి మార్చిన ఫైలును బాగుచేయాలని చూడకండి. క్యాసెట్ నుంచి ఎక్కించిన మొదటి ఫైలు తీయండి. ఫీల్డులను విడదీసే యాడిఫ్ అనే ఫిల్టర్‌ను రెట్టింపు రేటు పద్ధతిలో పెట్టి, లేదా ఓపికుంటే అదే పని చేసే క్యూటీజీఎంసీతో, ప్రతి ఫీల్డునూ ఒక పూర్తి ఫ్రేముగా చేసి 59.94 రేటుతోనే ఎంపీ4గా దాచండి. ఇప్పటి టీవీలు, కంప్యూటర్లు దాన్ని హాయిగా ఆడిస్తాయి. డిస్కే కావాలంటే ఎన్‌టీఎస్‌సీ డీవీడీగానే రాయండి, పాల్ ప్లేయర్లు చాలావరకు దాన్ని చదువుతాయి. మార్చకుండా పని జరిగితే మార్చకపోవడమే నా సలహా.

పాల్ తప్పదంటే, ఆ 59.94 ఫ్రేములను 576 గీతలకు పెంచి, 50కి తగ్గించి, మళ్ళీ ఫీల్డులుగా అల్లండి. ఇక్కడా ఆరింటిలో ఒకటి పోతుంది. కానీ దూకే దూరం సగమే కాబట్టి అంతగా తెలియదు. కదలికను అంచనా కట్టి మధ్య ఫ్రేములు పుట్టించే ఫిల్టర్లు ఇంకా నునుపుగా చేస్తాయి. అయితే సైకిల్ పుల్లల దగ్గర, ఊపే చేతివేళ్ళ దగ్గర బొమ్మ చెదురుతుంది. పక్క ఫ్రేములను కలిపేసే ‘బ్లెండ్’ మాత్రం వద్దు. గెంతు పోతుంది గానీ ప్రతి మనిషికీ నీడ మనిషి తోడవుతాడు.

ఒకడుగు ముందుకు, ఒకడుగు వెనక్కి వణుకుతున్నట్టుంటే అది ఈ జబ్బు కాదు, ఫీల్డుల వరస తారుమారైంది. డీవీ క్యాసెట్‌లో కింది ఫీల్డు ముందు వస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ‘పై ఫీల్డు ముందు’ అని ఉంటే మార్చండి.

పైన చెప్పిన ఏ పద్ధతిలోనూ వీడియో నిడివి మారదు కనుక ఆడియోను ముట్టుకోనక్కర్లేదు.