కొత్త పార్లమెంట్ వచ్చాక అనెక్స్ ఇంకెందుకు? అసలు పని జరిగేది అక్కడే కాబట్టి

"కొత్త పార్లమెంట్ కట్టేశారు కదా, ఆ పక్కనున్న అనెక్స్ భవనం ఇంకా దేనికి? అందులో ఏం చేస్తారు?" అని అడిగారు. నల్లగొండలో గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడిదీ ఇదే సందేహం. పాత పార్లమెంటుకు 144 స్తంభాలున్నాయని, 1927 జనవరి 18న వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించాడని, కొత్త లోక్‌సభలో 888 సీట్లున్నాయని వాడికి కంఠతా వచ్చు. కానీ బడ్జెట్‌లో ఒక శాఖ పద్దును ఎవరు కూర్చుని చదువుతారో తెలియదు. చదివేది ఎంపీల కమిటీలు, అవి కూర్చునేది ఆ అనెక్స్‌లో. కోచింగ్ సెంటర్లలో చెప్పేది స్తంభాల లెక్క వరకే మరి.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో చేసి రిటైరయ్యాను. పేరెందుకులెండి. హెడ్డాఫీసులో రిజర్వేషన్ సెల్ చూసేవాణ్ణి. ఎస్సీ, ఎస్టీల సంక్షేమ కమిటీ అని పార్లమెంటుకు ఒకటుంది, రెండు సభల నుంచీ కలిపి 30 మంది సభ్యులు. వాళ్లు మా బ్యాంకును పిలిచారు. ముందుగా ఇంత పొడుగు ప్రశ్నల జాబితా వచ్చింది. జవాబులన్నీ ఇంగ్లీషులో, హిందీలో, సెట్లకు సెట్లు. జిరాక్స్ మిషన్ దగ్గరే భోజనాలు చేశాం.

సమావేశం అనెక్స్‌లో. పొడవాటి బల్లకు ఒకవైపు సభ్యులు. ఎదురుగా మా బ్యాంకు పెద్ద సీఎండీ, జనరల్ మేనేజర్లు. వాళ్ల వెనక కుర్చీల్లో ఫైళ్లు ఒళ్లో పెట్టుకున్న నాలాంటివాళ్లం. పార్లమెంటు సిబ్బందిలోని రిపోర్టర్లు (పత్రికలవాళ్లు కాదు) కొన్ని నిమిషాలకొకరు మారుతూ ప్రతి మాటా రాసుకుంటున్నారు. మొదలుపెట్టకముందే అధ్యక్షుడు ఒక హెచ్చరిక చదివాడు: మీరిక్కడ చెప్పేది అచ్చు కావచ్చు, రహస్యంగా ఉంచమని కోరినా సభ్యులకు మాత్రం చూపిస్తాం అని. బోర్డు మీటింగుల్లో పులిలా ఉండే మా సీఎండీ గొంతు సవరించుకోవడం అప్పుడే చూశాను.

ప్రమోషన్లు, బ్యాక్‌లాగ్ (భర్తీ కాని రిజర్వుడు ఖాళీలు) అంతా సాఫీగానే నడిచింది. తర్వాత ఓ మూలన కూర్చున్న సభ్యుడొకాయన, "మీ బ్రాంచీలు ఊడ్చే పార్ట్‌టైమ్ స్వీపర్ల సంగతేంటి? మూడో వంతు జీతం మీదే ఎన్నేళ్లుగా ఉన్నారు?" అన్నాడు. బ్యాంకుల్లో అప్పుడు అదే పద్ధతి: మూడో వంతు, సగం, ముప్పావు జీతాలు. సీఎండీ కాగితాలు తిప్పాడు, జీఎం వెనక్కి చూశాడు. ఆ పట్టిక నా దగ్గరుంది. అంకె చీటీ మీద రాసి ముందుకు పంపాను. మధ్యలో మా డిప్యూటీ జనరల్ మేనేజర్ అది చదివి, మడిచి, నింపాదిగా చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు! అంకె అంత సిగ్గుచేటుగా ఉంది. "వివరాలు రాతపూర్వకంగా సమర్పిస్తాం సార్" అన్నాడు సీఎండీ. ఆ సభ్యుడు వదల్లేదు. "ఆ జేబులోకి వెళ్లిన కాగితంలో ఏముందో అదే చదవండి చాలు" అన్నాడు. చదవక తప్పలేదు.

యూనియన్ ఏళ్లుగా మొత్తుకుంటున్న ఫైలు ఆ తర్వాత కదిలింది. పాత స్వీపర్లలో చాలామంది ముప్పావు జీతానికి వచ్చారు. సభలో మైకులు విరగ్గొట్టుకున్నా ఇది జరిగేది కాదని నా గట్టి నమ్మకం. కమిటీ గదిలో కెమెరా ఉండదు, విలేకరి ఉండడు. అరిచినా వినేవాడు లేడు కాబట్టి పార్టీలు మర్చిపోయి ప్రశ్నలు అడుగుతారు.

ఇక చరిత్ర అంటారా, పాత గుండ్రటి భవనం కట్టింది బ్రిటిషువాళ్ల కాలపు చిన్న సభలకు. స్వాతంత్ర్యం వచ్చాక సభ్యులు, సిబ్బంది, కమిటీలు పెరిగి గదులు చాల్లేదు. 1970 ఆగస్టు 3న మన తెలుగువాడే, రాష్ట్రపతి వి.వి.గిరి అనెక్స్‌కు శంకుస్థాపన చేశాడు. 1975 అక్టోబర్ 24న ఇందిరాగాంధీ ప్రారంభించింది. అప్పుడు ఎమర్జెన్సీ, పలువురు ప్రతిపక్ష ఎంపీలు జైల్లో ఉన్నారు. ఆ ముహూర్తం ఎవరు పెట్టారో గానీ! 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు (శాఖల పద్దులు చదివే కమిటీలు ఇవే) 17 వచ్చాయి, 2004లో 24 చేశారు. ఒక్కోదాంట్లో 31 మంది. అందుకే గదులు మళ్లీ చాలక 2017లో అనెక్స్‌కు ఇంకో భాగం కలిపారు. కొత్త పార్లమెంట్ 2023లో వచ్చినా అనెక్స్‌కు పని తగ్గలేదు. పక్కనే 2002లో తెరిచిన లైబ్రరీ భవనం వేరు, రెండూ కలిపేయకండి.

పార్లమెంట్ అనగానే మనవాళ్లకు చవక క్యాంటీన్ భోజనం ఒక్కటే గుర్తొస్తుంది. ఆ సబ్సిడీ 2021లోనే తీసేశారు, ఇంకా వాట్సాప్‌లో ధరల పట్టిక తిరుగుతూనే ఉంటుంది. 1952లో మా నల్లగొండలో గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయని మా జిల్లావాళ్లం ఇప్పటికీ మీసం మెలేస్తాం. ఇప్పుడున్న ఎంపీ ఏ కమిటీలో ఉన్నాడని అడిగినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. పెళ్లికి వచ్చాడా, చావుకి వచ్చాడా, అంతే లెక్క.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి తెలియాలని చేసిన పని అది. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. వార్త అయితే బాగానే వచ్చింది. కానీ ఆ శ్రమలో పదో వంతు, జనం పెట్టుకునే అర్జీలు చూసే లోక్‌సభ పిటిషన్ల కమిటీ మీద పెట్టుంటే ఢిల్లీ అధికారులు అనెక్స్‌లో కూర్చుని మా ఊళ్ల లెక్కలు అప్పజెప్పాల్సి వచ్చేదని ఇప్పటికీ అంటాను. మా ఇంట్లోనే ఎవరూ ఒప్పుకోరు, అది వేరే విషయం.

ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది. పిటిషన్‌ను మీ ఎంపీ చేత సంతకం పెట్టించి సభలో ఇప్పించవచ్చు, లేదా నేరుగా లోక్‌సభ సెక్రటరీ జనరల్‌కు పంపవచ్చు. కోర్టులో నడుస్తున్న విషయం కాకూడదు, భాష మర్యాదగా ఉండాలి, చివర ఏం కావాలో స్పష్టంగా అడగాలి. కలెక్టరేట్ మెట్ల మీద మెమొరాండం ఇస్తూ ఫొటో దిగే ముందు ఇదొకటి రాసి చూడండి.