అంచులు మెల్లగా కరగాలంటే...

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు తీసిన ఫొటోని జింప్‌లో (ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) కోడిగుడ్డు ఆకారంలో, అంచులు మసకబారేలా చేయాలనుకున్నాను. డిలీట్ కొడితే చుట్టూ తెల్లరంగు పడుతోంది. అంచు కత్తెరతో కోసినట్టుంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ లేయర్‌కి ఆల్ఫా ఛానల్, అంటే పారదర్శకతని నిలిపే భాగం లేదండీ, అందుకే బ్యాక్‌గ్రౌండ్ రంగు వచ్చి పడుతోంది. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ, అందులో యాడ్ ఆల్ఫా ఛానల్ నొక్కండి. ఎలిప్స్ సెలెక్ట్‌తో గుడ్డు ఆకారం గీసి, సెలెక్ట్ మెనూలో అంచుని మసకబార్చే ఫెదర్‌కి వెళ్లండి. కిటుకంతా ఇక్కడే ఉంది. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోకి 20 ఇస్తే కంటికి ఆనదు, 300 ఇచ్చి చూడండి. గీత ఫొటో అంచుకి మరీ దగ్గరైతే మసక సగంలోనే తెగిపోతుంది, చుట్టూ జాగా వదలండి. ఆపైన సెలెక్ట్ మెనూలోనే ఇన్వర్ట్ నొక్కితే గుడ్డు బయటి భాగం ఎంపికవుతుంది, అప్పుడు డిలీట్ కొట్టండి. జేపీఈజీలో పారదర్శకత నిలవదు, పీఎన్‌జీగానే ఎక్స్‌పోర్ట్ చేయండి.