సూది పరీక్షలో తేలని థైరాయిడ్ గడ్డ.. బయాప్సీ ఏం చెప్పింది?

ప్రశ్న: నా వయసు 38. మెడలో గడ్డ ఉందని సూది పరీక్ష చేస్తే 'ఫాలిక్యులర్ నియోప్లాజం, బెథెస్డా 4' అని వచ్చింది. థైరాయిడ్‌లో కుడివైపు సగం తీసేశారు. బయాప్సీ రిపోర్టులో 3 సెం.మీ. ఫాలిక్యులర్ అడినోమా, దాని పక్కన 4 మి.మీ. పాపిల్లరీ మైక్రోకార్సినోమా, హషిమోటో థైరాయిడైటిస్ అని రాశారు. నాకు క్యాన్సర్ ఉన్నట్టేనా? మిగతా సగం కూడా తీయించుకోవాలా? ఇదంతా సూది పరీక్షలోనే ఎందుకు తేల్చలేదు? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. బెథెస్డా 4 అంటే మామూలు గడ్డో, క్యాన్సరో సూది పరీక్షతో తేల్చి చెప్పలేని వర్గం. సూదితో తీస్తే విడి కణాలే వస్తాయి. ఫాలిక్యులర్ గడ్డ మామూలుదైనా, క్యాన్సరైనా ఆ కణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది గడ్డ చుట్టూ ఉండే పొర దగ్గరే. కణాలు ఆ పొరను దాటుకుని బయటికొచ్చినా, రక్తనాళాల్లోకి చొరబడినా అది కార్సినోమా, అంటే క్యాన్సర్. ఈ రెండూ లేకపోతే అడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. గడ్డను బయటికి తీసి, ఆ పొరను చుట్టూతా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప ఈ సంగతి తేలదు. మీ రిపోర్టులో 'క్యాప్సులర్ ఇన్వేజన్' (పొరను దాటడం), 'వాస్కులర్ ఇన్వేజన్' (రక్తనాళాల్లోకి చొరబడటం) అనే మాటలు వెతకండి. రెండూ లేవని నిర్ధారించుకున్నాకే అడినోమా అని రాస్తారు. దానికి ఇక వేరే వైద్యం అక్కర్లేదు.

ఇక ఆ 4 మి.మీ. చుక్క. అవును, పేరుకు అది క్యాన్సరే. కాకపోతే సూది దాన్ని తాకనే లేదు, వేరే గడ్డ కోసం ఆపరేషన్ చేస్తే అనుకోకుండా కనిపించింది. థైరాయిడ్ క్యాన్సర్లలో పదింట ఎనిమిది పాపిల్లరీ రకమే. పొరతో పనిలేకుండా, కణాల కేంద్రకాలు తేటగా, గాడి పడినట్టు కనిపించడాన్ని బట్టి దీన్ని గుర్తుపడతారు. 1 సెం.మీ. మించకపోతే మైక్రోకార్సినోమా అంటారు. వేరే కారణాలతో చనిపోయినవారి థైరాయిడ్‌ను పరీక్షిస్తే దాదాపు పదిలో ఒకరికి ఇలాంటివి బయటపడతాయి. వాళ్లలో చాలామందికి అది ఉందని జీవితాంతం తెలియనే తెలియదు. అసలు థైరాయిడ్ విషయంలో క్యాన్సర్ అనే మాట కొంత తొందరగా వాడేస్తామని నా అభిప్రాయం. పొరలోనే ఉండి, ఎక్కడికీ చొరబడని ఒక రకానికి 2016లో నిపుణులే ఆ పేరు తీసేశారు.

ఆ చుక్క ఒక్కటే ఉండి, థైరాయిడ్ దాటకుండా, లింఫ్ గ్రంథుల్లో ఏమీ లేకుండా ఉంటే మిగతా సగం తీయాల్సిన పనిలేదు. మిగిలిన థైరాయిడ్ కణాలను నాశనం చేసే రేడియో అయోడిన్ చికిత్స కూడా అవసరం రాదు. అయితే రిపోర్టులో 'టాల్ సెల్' (కాస్త దూకుడుగా పెరిగే రకం) అని గానీ, 'మల్టీఫోకల్' (ఒకటికి మించిన చోట్ల ఉంది) అని గానీ ఉంటే మీ సర్జన్‌తో మళ్లీ మాట్లాడాలి. కాల్సిటోనిన్ అనే హార్మోన్ తయారుచేసే కణాల నుంచి వచ్చే మెడుల్లరీ, వయసు పైబడినవారిలో వేగంగా పెరిగే అనాప్లాస్టిక్ రకాల దారి పూర్తిగా వేరు. మీకున్నవి అవి కావు.

ఇప్పుడు మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది హషిమోటో మీద. ఇది శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే జబ్బు. మిగిలిన సగం గ్రంథి కూడా క్రమంగా బలహీనపడే అవకాశం ఉంది. ఆపరేషన్ అయిన ఆరేడు వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్త) పరీక్ష చేయించుకోండి. అది పెరిగితే థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర వేసుకోవాల్సి వస్తుంది. 6 నుంచి 12 నెలల్లోపు మెడకు అల్ట్రాసౌండ్ కూడా అవసరం. ఇంకా అనుమానం తీరకపోతే ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన మీ గడ్డ ముక్కలు) అడిగి తీసుకుని మరో పాథాలజిస్టుకు చూపించుకోవచ్చు. దానికోసం మళ్లీ ఏ పరీక్షా చేయించుకోనక్కర్లేదు.