ఇల్ గ్రెప్పో చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ఇటలీలో టస్కనీ ప్రాంతపు మోంటల్చీనో ఊరు, అక్కడి ఇల్ గ్రెప్పో ద్రాక్షతోట, ఆ తోటలో బ్రునెల్లో అనే ఎర్ర వైన్ చేసిన బియోండి సాంటి కుటుంబం... మంచి వస్తువు ఎంచుకున్నావు. కాకపోతే మొదటి నాలుగు పేజీలూ వంశవృక్షమే. క్లెమెంతే సాంటి, ఆయన కూతురు కాతెరీనా, ఆమెను పెళ్లాడిన యాకొపో బియోండి, వాళ్ల కొడుకు ఫెరూచ్చో, మనవడు తాంక్రెది, మునిమనవడు ఫ్రాంకో. పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎవరేం పని చేశారో లేదు. తీగకి, పీపాకి, సీసాకి ఎవరు ఏం చేశారన్నది పట్టుకుంటే తరాలు వాటంతటవే విడిపోతాయి.

క్లెమెంతే 1865 పంటతో చేసిన ఎర్ర వైన్‌కి 1869లో మోంటెపుల్చానో వ్యవసాయ సంఘం వెండి పతకాలు ఇచ్చింది. ఇక్కడ నువ్వు దాన్ని ద్రాక్ష పేరనుకుని జారిపోయావు. మోంటెపుల్చానో టస్కనీలో వేరే ఊరు, దాని వైన్ వేరు. అదే పేరుతో ఒక ద్రాక్ష రకం కూడా ఉంది, అది అబ్రూట్జో ప్రాంతానిది. మోంటల్చీనో బ్రునెల్లోకి ఆ ద్రాక్షతో సంబంధం లేదు.

ఫెరూచ్చో దగ్గర మాత్రం ఆగి రాయి. ఆ కాలంలో టస్కనీ రైతులు రకరకాల ద్రాక్షలు, తెల్లవి కూడా కలిపి, ఏడాది రెండేళ్లలో తాగేసే వైన్ చేసేవాళ్లు. ఆయన సాంజోవేసే అనే ఎర్ర ద్రాక్ష ఒక్కదాన్నే నమ్ముకున్నాడు. తోటలో మేలైన తీగలు ఏరి, వాటినే పెంచాడు. 1888 రిజర్వా, అంటే ఎక్కువకాలం నిలవబెట్టిన మేలు వైన్, ఆయన చేతిదే. ఐరోపా తోటల్ని నాశనం చేసిన ఫిలోక్సెరా గురించి ఒక్క వాక్యంతో దాటేశావు. అది మన పేనుబంకకి దగ్గరి చుట్టం, వేళ్లని పట్టే పురుగు. అమెరికా తీగల వేళ్లు దాన్ని తట్టుకుంటాయి కాబట్టి కింద అమెరికా వేరు, పైన ఐరోపా కొమ్మ పెట్టి అంటు కట్టారు. మామిడి అంట్లు చూసిన మన పాఠకుడికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

తాంక్రెది విషయంలో నీకు దొరికిన బంగారం పాత సీసాలు. యుద్ధం దగ్గరపడుతుంటే వాటిని సెల్లార్‌లో గోడ కట్టి దాచేశాడు. అది రాశావు, బాగుంది. పాత సీసాల్ని తిరిగి నింపడం మాత్రం వదిలేశావు. దశాబ్దాలు గడిచేకొద్దీ బిరడాలోంచి వైన్ కొద్దికొద్దిగా ఆవిరై, సీసాలో మట్టం మెడ దిగి భుజం దాకా వస్తుంది. ఖాళీలో గాలి చేరితే వైన్ చెడుతుంది. అందుకని బిరడా తీసి, రుచి చూసి, బాగున్నదాన్ని అదే సంవత్సరపు వైన్‌తోనే నింపి కొత్త బిరడా బిగిస్తారు. అంటే కొన్ని సీసాలు నిలవడానికి ఒక సీసా కరిగిపోవాలి. 1888వి ఎన్నో మిగలకపోవడానికి ఇదీ ఒక కారణమే. ఈ దృశ్యానికి ఒక పేజీ పూర్తిగా ఇవ్వు.

లెక్కలు పాఠకుడి కళ్లముందు పెట్టు. నేటి నిబంధన ప్రకారం బ్రునెల్లో అంటే పూర్తిగా సాంజోవేసే, హెక్టారుకి 8 టన్నుల ద్రాక్షకి మించకూడదు, కనీసం 2 ఏళ్లు చెక్క పీపాలో ఉండాలి. 2015లో కోసిన పంట 2020 జనవరి 1కి ముందు అమ్మకానికి రాదు, రిజర్వా అయితే మరో ఏడాది ఆగాలి. పైగా ఈ ఇంట్లో రిజర్వాకి 25 ఏళ్లు దాటిన తీగల పండే వాడేవారు. ఫ్రాంకో 1970లో పగ్గాలు పట్టాడు. ఆయన ఆ ఏడాది నాటిన తీగ ఉంటే, దాని పండు రిజర్వాకి పనికొచ్చేది 1995కి. కుటుంబం చేతిలో తోట ఉండటం అంటే ఏమిటో ఈ ఒక్క లెక్క చెబుతుంది. నువ్వు రాసిన ‘వారసత్వ వైభవం’ పేరా తీసేసి దీన్ని పెట్టు.

చిన్న సవరణలు. పీపాల కలప స్లవోనియాది. అది క్రొయేషియాలో ఉంది, స్లొవేనియా అని రాయకు. ‘నల్లగా చిక్కగా ఉండే వైన్’ అన్నావు, కొట్టెయ్. సాంజోవేసే తొక్కలో రంగు తక్కువ. లేత వైన్ కెంపు రంగులో ఉంటుంది, ముదిరితే అంచున ఇటుక రంగు తిరుగుతుంది. వైన్ పుట్టిన ప్రాంతానికి ఇటలీ ఇచ్చే గుర్తింపు డీఓసీ 1966లో, దానికి పై మెట్టు డీఓసీజీ 1980లో బ్రునెల్లోకి వచ్చాయి. రెండూ కలిపేశావు.

ఇక చివరి అధ్యాయం. ఫ్రాంకో 2013లో పోయారు. 2016 చివర్లో తోటలో అధిక వాటా ఫ్రెంచ్ సంస్థ ఈపీఐ చేతికి వెళ్లింది. నువ్వు 2013 దగ్గరే ఆపేశావు, అది పాఠకుడికి చేసే అన్యాయం. ఎవరినీ తప్పుపట్టకుండా, కన్నీళ్లు కార్చకుండా, వాటా చేతులు మారిన నాటికి పీపాల్లో ఉన్న వైన్ ఏయే సంవత్సరాలదో లెక్కగట్టు. సంతకాలు అయ్యేనాటికి 2015 పంట ఇంకా అమ్మకానికి రాలేదు. పాత చేతులు చేసిన వైన్‌ని కొత్త చేతులు అమ్మాయి.

ముందు ఆ సీసాలు నింపే పేజీ రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య