అణు పేలుడు మేఘంలో నమూనాలు తీసే ఉద్యోగం ఇప్పుడుందా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అణు పరీక్షల తర్వాత మేఘంలోకి విమానాలు వెళ్లి రేడియోధార్మిక ధూళిని పట్టుకొచ్చేవని చదివాను. ఆ రంగంలోకి వెళ్లాలంటే ఏం చదవాలి? రేడియేషన్ అనగానే ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతున్నారు.

జవాబు: మీరు చదివింది నిజమే. కానీ ఆ మేఘాలే ఇప్పుడు లేవు. వాతావరణంలో చివరి అణు పరీక్షను చైనా 1980 అక్టోబరులో జరిపింది. పేలుడు మేఘంలోకి దూసుకెళ్లే ఉద్యోగం అక్కడితో ముగిసింది. దాని వెనకున్న శాస్త్రం మాత్రం ముగియలేదు.

నిజానికి అప్పుడు కూడా అసలు పని ఆకాశంలో జరగలేదు. 1952 నవంబరు 1న పసిఫిక్‌లోని ఎనివెటాక్ దగ్గర అమెరికా ‘మైక్’ అనే హైడ్రోజన్ బాంబు పరీక్ష జరిపినప్పుడు ఎఫ్-84 విమానాలు మేఘంలోకి వెళ్లి ఫిల్టర్ కాగితాల మీద ధూళిని పట్టాయి. పైలట్లు తెచ్చింది కాగితాలే. ఆ పరీక్ష ధూళిలో ఐన్‌స్టీనియం, ఫెర్మియం అనే కొత్త మూలకాలను బయటపెట్టింది ప్రయోగశాలలో కూర్చున్న కెమిస్టులు.

కెమిస్ట్రీ విద్యార్థికి ఇందులో అసలైన మజా ఒకటుంది. మేఘంలోని ప్రతి రేణువూ ఒకేలా ఉండదు. అగ్నిగోళం చల్లారేటప్పుడు జిర్కోనియం లాంటివి ముందే గట్టిపడి పెద్ద రేణువుల్లో కలిసిపోతాయి. సీజియం-137 సంగతి వేరు. అది చాలావరకు జినాన్-137 అనే వాయువు నుంచి పుడుతుంది, ఆ వాయువు అర్ధజీవిత కాలం సుమారు 4 నిమిషాలు. సీజియం తయారయ్యేసరికి పెద్ద రేణువులు గట్టిపడిపోయి ఉంటాయి కాబట్టి అది ఆలస్యంగా వచ్చి పైపైన, ముఖ్యంగా సన్న రేణువుల మీద అంటుకుంటుంది. అందుకే ఒక చోట తీసిన నమూనా చూసి బాంబు మొత్తం లెక్క తేల్చేయడం కుదరదు. ఎక్కడ తీశాం, ఎప్పుడు తీశాం, ఏ సైజు రేణువులు పడ్డాయి అని అడగడం వచ్చినవాళ్లే ఈ పనికి పనికొస్తారు.

ఇప్పుడీ పని నేలమీదే ఎక్కువ. అణు పరీక్షల నిషేధ ఒప్పందం కోసం పనిచేసే వియన్నాలోని సీటీబీటీఓ సంస్థ పర్యవేక్షణ వ్యవస్థకు ప్రపంచమంతటా కలిపి 80 రేడియోన్యూక్లైడ్ (రేడియోధార్మిక పరమాణువులను పట్టే) కేంద్రాలు ఉండాలని ప్రణాళిక. రేణువుల కోసం 24 గంటలపాటు గంటకు కనీసం 500 ఘనపు మీటర్ల గాలిని ఫిల్టర్ గుండా లాగుతారు. ఆ ఫిల్టర్‌ను వెంటనే కొలవరు. గాలిలో సహజంగా ఉండే థోరాన్ అనే రేడియోధార్మిక వాయువు వల్ల పుట్టే సీసం-212 (అర్ధజీవిత కాలం 10.6 గంటలు) కొంత తగ్గేదాకా ఆగుతారు. తర్వాత బాగా చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టర్ దగ్గర పెట్టి గామా శిఖరాలను (ఏ పదార్థం ఉందో చెప్పే గామా కిరణాల గుర్తులను) లెక్కిస్తారు. బేరియం-140, దాని నుంచి పుట్టే లాంథనం-140 రెండూ కనిపిస్తే, వాటి నిష్పత్తి నుంచి పేలుడు ఎప్పుడు జరిగిందో అంచనా కట్టొచ్చు. కొన్ని వారాలు గడిస్తే నిష్పత్తి స్థిరపడిపోయి ఆ గడియారం పనిచేయదు. భూగర్భ పరీక్షల నుంచి రేణువులు సాధారణంగా బయటికి రావు. అక్కడ వెతికేది జినాన్ వాయువులనే.

చదువు సంగతికొస్తే, ఎమ్మెస్సీలో రేడియోకెమిస్ట్రీ లేదా న్యూక్లియర్ కెమిస్ట్రీ, తర్వాత పీహెచ్‌డీ. పైథాన్ ప్రోగ్రామింగ్ కొంత రావాలి. గాలుల గమనాన్ని లెక్కగట్టే వాతావరణ శాస్త్రం తెలిస్తే మరీ మంచిది. వీటన్నిటికంటే ముందు స్టాటిస్టిక్స్. డిటెక్టర్‌లో 100 కౌంట్లు (నమోదైన గామా కిరణాలు) వస్తే అనిశ్చితి 10 శాతం, దాన్ని 1 శాతానికి దించాలంటే 10,000 కౌంట్లు కావాలి. ఈ లెక్క బోర్ కొడితే ఈ రంగం మీకు సరిపడదు, మొహమాటం లేకుండా చెబుతున్నా.

ఉద్యోగాలు తక్కువే, దాచను. అయితే ఇదే నైపుణ్యం రియాక్టర్ల చుట్టూ పర్యావరణ పర్యవేక్షణకూ, ఆసుపత్రుల్లోని న్యూక్లియర్ మెడిసిన్‌కూ పనికొస్తుంది కాబట్టి దారి ఒక్కటే కాదు.

ఇంట్లోవాళ్ల భయానికి జవాబు: పర్యవేక్షణ కేంద్రాల ఫిల్టర్‌లలో ఉండేది అతి స్వల్ప రేడియోధార్మికత. అది ఎంత స్వల్పమంటే, దాన్ని గుర్తించడమే కష్టం. రేడియేషన్‌తో పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత) దాటకూడదన్నది అంతర్జాతీయంగా సిఫార్సు చేసిన పరిమితి. డోసిమీటర్ అనే కొలిచే పరికరం ఒంటిమీద పెట్టుకుని ఆ మోతాదును నమోదు చేస్తారు. చేరే ముందు ల్యాబ్‌ను ఈ రికార్డుల గురించి అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట చేరకండి.