కామాఠీపురా కథ పంపిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథలో తల్లి మిల్లుకు బయలుదేరే ముందు మూడు నెలల బిడ్డ నాలుక మీద నల్లమందు మాత్ర పెట్టి, వేలు కొంగుకు తుడుచుకున్నదని వ్రాసిన చోట చాలాసేపు ఆగిపోయాను. మరుసటి వాక్యంలోనే ఆమెను కఠినురాలన్నావు. చివర బిడ్డ పోతే దీపం ఆరిపోయిందనీ తలరాత అనీ ముగించావు. ఈ రెండింటి మీద కోపంతోనే జవాబు వ్రాస్తున్నాను. ఏ పత్రికకు పంపాలని అడిగావు; ఆ మాట తరువాత.

నీ కథ జరిగింది 1921లో, బొంబాయి నగరపు కామాఠీపురా పేటలో. ఆ ఏడు నగరపు లెక్కల్లో ప్రతి 1000 జననాలకు 660కి పైగా శిశుమరణాలు నమోదయ్యాయి. ఒంటిగది ఇళ్లలో 828. నగరంలో సుమారు మూడింట రెండు వంతుల మంది కాపురం ఆ ఒంటిగదుల్లోనే. అయితే ఈ అంకెలను ఉన్నవున్నట్లు నమ్మకూడదు. మిల్లు స్త్రీలు చాలామంది పురుటికి సొంత ఊరు వెళ్లేవారు కనుక జననం నగరపు లెక్కకు ఎక్కేది కాదు. పసిబిడ్డతో తిరిగి వచ్చాక మరణం మాత్రం ఎక్కేది. అందువల్ల నిష్పత్తి అసలుకన్నా పెరిగి కనబడేది, ఆ తేడా తీసివేసినా మిగిలేది ఘోరమే. నీ కథలోని చేనేత కుటుంబం నిజాం రాజ్యపు తెలంగాణ నుంచి వెళ్లింది, తల్లి పుట్టింట పురుడు పోసుకుని వచ్చింది. అంటే ఆ నగరపు పుస్తకాల్లో నీ బిడ్డ పుట్టనే లేదు, చనిపోయింది మాత్రమే. ఇంతటి సంగతి చేతిలో ఉండగా దీపం ఎందుకు?

చావును వ్రాసేవాడికి దుఃఖం కంటే ముందు కారణం తెలియాలి. నా తొలి కథలో మశూచి సోకిన ఒక పేటను వర్ణించాను. ఒక సంపాదకుడు గది కొలతలు, నీళ్ల కుళాయి ఉన్న పేజీన్నర కోసివేసి, ఏడుపు మాత్రం అచ్చు వేశాడు. అది చదివి వినిపిస్తే మా నాయనమ్మ, “ఇంతకీ ఆ పిల్ల దేనితో పోయిందిరా?” అని అడిగింది. ఆమె ముగ్గురు బిడ్డలను పోగొట్టుకున్న మనిషి. ఎవరు ఏ జబ్బుతో పోయారో, ఆనాడు కుండలో నీళ్లు ఏ బావివో చెప్పగలిగేది. కన్నీళ్లకే విలువ కట్టే సంపాదకులను నేను ఈనాటికీ క్షమించలేదు.

ఇక ఆ నల్లమందు. మిల్లుల్లో పనిచేసే తల్లుల పిల్లల్లో దాదాపు అందరికీ అది పెడుతున్నారని 1922లో విచారణ జరిపిన డాక్టర్ బార్న్స్ వ్రాశారు. ఆనాటి ఫ్యాక్టరీ చట్టం ప్రకారం స్త్రీల చేత రోజుకు 11 గంటలు పని చేయించవచ్చు. ప్రసూతి రోజులకు భత్యం ఇవ్వాలన్న చట్టం బొంబాయిలో 1929లో గాని రాలేదు. పాలివ్వడానికి తల్లి దగ్గర లేని బిడ్డ ఏడవకుండా పడుకోవడానికి ఆ గదిలో దొరికిన మార్గం అదొక్కటే. ఆమెను కఠినురాలన్నది నీ కలమే; గది గాని, మిల్లు గాని నీ వాక్యంలో కనబడవు.

ఆ గదికి కిటికీ ఉన్నదా, ఎందరు పడుకునేవారు, మరుగుదొడ్డి ఎంత దూరం, తల్లి ఎన్ని గంటలకు తిరిగి వచ్చింది, వచ్చేసరికి బిడ్డ ఒళ్లు వేడిగా ఉన్నదా చల్లగా ఉన్నదా అన్నవి తెలుసుకుని చివరి రెండు పేజీలు తిరగవ్రాసి పంపు. కొంగుకు వేలు తుడుచుకున్న వాక్యంలో ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.